"మీ పేరు మీద పెండింగ్ కంప్లయింట్ ఏదీ లేదండీ": ఫిర్యాదు ఎక్కడ ఆగిపోతుంది, ఎలా ముందుకు కదులుతుంది

కస్టమర్ కేర్‌కి నాలుగోసారి ఫోన్ చేసిన రోజున నా గొంతు పక్కింటిదాకా వినిపించి ఉంటుంది. వాషింగ్ మెషీన్ ఉతకడం ఆపేసి, బట్టల్ని మురికినీళ్లలోనే ఉంచేస్తోంది. మగ్గుతో తోడి బకెట్‌లో పోసుకుంటున్నాను. అప్పటికి మూడుసార్లు టెక్నీషియన్ వచ్చి వెళ్లాడు. వచ్చిన ప్రతిసారీ కింద ఫిల్టర్ విప్పి, కడిగి, ఒకసారి నీళ్లు పోయేలా చేసి చూపించి, నా ఫోన్‌కి వచ్చిన కోడ్ చెప్పమని అడిగి, రాసుకుని వెళ్లిపోయేవాడు. వారం తిరక్కుండానే మళ్లీ అదే కథ. ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పి, "మూడు వారాలుగా ఏం చేస్తున్నారు మీరు?" అని అరిచాను. అవతల అమ్మాయి కాస్త ఆగి, మెల్లగా అంది: "మీ పేరు మీద పెండింగ్ కంప్లయింట్ ఏదీ లేదండీ."

ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. టెక్నీషియన్‌కి నేను చెప్పిన ఆ కోడ్, పని పూర్తయిందని నేను ఒప్పుకున్నట్టు లెక్క. మూడు కోడ్‌లు చెప్పాను, మూడు కంప్లయింట్లు మూసుకుపోయాయి. మా ఇంట్లో ఉన్నది తగ్గని జబ్బు ఒకటి. వాళ్ల కంప్యూటర్‌లో ఉన్నవి చక్కగా ముగిసిన పనులు మూడు. నేను ఎవరి మీద అరిచానో ఆ మనిషికి నా కోపం వినిపిస్తోంది గానీ, దాని వెనకున్న కారణం ఆమె స్క్రీన్ మీద ఎక్కడా లేదు.

కంపెనీకి ఫిర్యాదు చేయడం గురించి మాట్లాడుకునేటప్పుడు మనం సాధారణంగా "గట్టిగా అడగాలా, మర్యాదగా అడగాలా" అన్న దగ్గర ఆగిపోతాం. అసలు చిక్కు అంతకంటే ముందే మొదలవుతుంది. మనం చెప్పింది ఎవరికి చేరుతోంది, ఏ రూపంలో చేరుతోంది, దాని మీద నిర్ణయం తీసుకునే అధికారం ఎవరికి ఉంది? ఇది తెలిశాక మర్యాదకు పనేమిటో కూడా అర్థమవుతుంది.

"కంప్లయింట్" అన్న ఒక్క మాటలో కలిసిపోయే నాలుగు పనులు

మన వాడుకలో అన్నీ కంప్లయింట్లే. కంపెనీల్లో మాత్రం వీటిని వేర్వేరు గూళ్లలో వేస్తారు. "నా పార్సిల్ ఎప్పుడొస్తుంది?" అన్నది విచారణ. "మెషీన్‌లోంచి నీళ్లు పోవడం లేదు, మనిషిని పంపండి" అన్నది సర్వీస్ రిక్వెస్ట్. "మూడుసార్లు మనిషి వచ్చినా అదే లోపం తిరిగొస్తోంది, మీ సర్వీస్ సరిగ్గా లేదు" అన్నది ఫిర్యాదు. "మీరిచ్చిన జవాబు నాకు సమ్మతం కాదు" అన్నప్పుడు అది వివాదం అవుతుంది.

చూడ్డానికి ఇది మాటల తేడాలా ఉంటుంది. కానీ నా విషయంలో మొత్తం కథ ఈ తేడా మీదే నడిచింది. నేను ప్రతిసారీ ఫోన్ చేసి చెప్పింది "నీళ్లు పోవడం లేదు" అని. అది సర్వీస్ రిక్వెస్ట్. దానికి వాళ్ల దగ్గరున్న మందు టెక్నీషియన్‌ను పంపడం. పంపారు. పంపుతూనే ఉన్నారు. "మీరు చేసిన మూడు సర్వీసులూ పనిచేయలేదు" అన్న మాట నేను కోపంలో అన్నానే గానీ, దాన్ని ఫిర్యాదుగా నమోదు చేయమని ఒక్కసారీ అడగలేదు. విచారణలకీ రిక్వెస్ట్‌లకీ జవాబిచ్చే వాళ్లు వేరు, ఫిర్యాదులు చూసే వాళ్లు వేరు అయినచోట ఈ తేడాయే దారిని మార్చేస్తుంది.

ఫోన్ అవతల ఉన్న మనిషి చేతిలో ఏముంది

కాల్ సెంటర్‌లో మొదట ఫోన్ ఎత్తే మనిషికి ఆ వస్తువును తయారుచేసిన ఇంజనీర్‌తో గానీ, దాన్ని అమ్మిన షాపుతో గానీ పరిచయం ఉండకపోవచ్చు. చాలాసార్లు ఆ కాల్ సెంటర్ అసలు ఆ కంపెనీదే కాదు. కాంట్రాక్ట్ మీద నడిపే మరో సంస్థది. ఆ మనిషి ముందు ఒక స్క్రీన్ ఉంటుంది. అందులో మన పేరు, కొన్న తేదీ, పాత టికెట్లు (అంటే ఇంతకుముందు నమోదైన కంప్లయింట్లు), సమస్య రకాన్ని ఎంచుకునే జాబితా, నాలుగు ముక్కలు రాసే గడి. ఒక కాల్ ఎంతసేపు నడిచింది, మొదటి కాల్‌లోనే తేలిందా లేదా అన్నవి ఆమె పనితీరు కొలతల్లోకి ఎక్కుతాయి. డబ్బు వాపసు ఇచ్చే విషయంలో ఆమెకు ఒక హద్దు ఉంటుంది. చిన్న మొత్తమైతే అక్కడికక్కడే ఇవ్వగలదు, అది దాటితే పైవాళ్లకు పంపాలి.

ఇలా పైకి పంపడాన్నే ఎస్కలేషన్ అంటారు. పైన ఉన్న మనిషి మన గొంతు వినడు. ఆ గడిలో రాసిన నాలుగు ముక్కలే చదువుతాడు. అక్కడ "కస్టమర్ చాలా కోపంగా ఉన్నారు, పరిష్కారం కోరుతున్నారు" అని ఉంటే అతను చేయగలిగింది పెద్దగా ఉండదు. "ఒకే లోపం, 3 సర్వీసులు, 3 టికెట్ నంబర్లు, వారంటీలో ఉంది, మెషీన్ మార్చమని అడుగుతున్నారు" అని ఉంటే నిర్ణయానికి కావలసింది అతని కళ్లముందే ఉంటుంది. పదినిమిషాలు మనం మాట్లాడినదాంట్లో ఆ గడిలోకి ఎక్కేది ఎంత అన్నదే లెక్క. అవతలి మనిషి తిట్లు కాచుకోవడంలో మునిగిపోతే తేదీలూ నంబర్లూ జారిపోతాయి.

కోపం పనిచేస్తుందా? రెండు వైపులా ఉన్న వాదన

"అడగందే అమ్మైనా పెట్టదు" అంటారు. దాన్ని కాస్త సాగదీసి, అరవందే ఎవరూ పట్టించుకోరు అనే వాళ్లు చాలామంది. వాళ్ల మాటను కొట్టిపారేయడానికి లేదు. గొడవ చేసిన వాళ్ల పని ముందు జరగడం, ఓపిగ్గా క్యూలో నిలబడ్డ వాళ్లు నిలబడే ఉండడం మనందరం చూసిందే. పరిశోధనల్లో కూడా దీనికి కొంత ఆధారం ఉంది. బేరసారాల మీద గెర్బెన్ వాన్ క్లీఫ్, ఆయన సహ పరిశోధకులు 2004లో ప్రచురించిన ప్రయోగాల్లో, అవతలి పక్షం కోపంగా ఉందని తెలిసినప్పుడు జనం తమ బేరంలో ఎక్కువ తగ్గారు. సంతోషంగా ఉందని తెలిసినప్పుడు అంతగా తగ్గలేదు.

రెండో వైపు కూడా ఆధారాలున్నాయి. క్రిస్టీన్ పోరాత్, అమీర్ ఎరెజ్ 2007లో ప్రచురించిన అధ్యయనాల్లో, మొరటు మాటలు పడ్డవాళ్లు ఆ తర్వాత చేసిన పనుల్లో వెనకబడ్డారు. మామూలు పనుల్లోనూ, కొత్తగా ఆలోచించాల్సిన పనుల్లోనూ. ఇతరులకు సాయం చేయాలన్న బుద్ధి కూడా వాళ్లలో తగ్గింది. ఫిర్యాదు చేసేవారికి ఇది గట్టి సంగతి. మన చిక్కుముడి విప్పాల్సిన మనిషి బుర్రనే మనం మొద్దుబారుస్తున్నామన్నమాట.

మరి ఈ రెండూ ఎలా పొసుగుతాయి? దీనికి నాకు దొరికిన మంచి జవాబు 2008 నాటి ఒక అధ్యయనంలో ఉంది. వోల్ఫ్‌గాంగ్ స్టైనెల్, వాన్ క్లీఫ్, ఫీకే హారింక్ కోపాన్ని రెండుగా విడదీసి చూశారు: అవతలి మనిషి ఇస్తానన్న దాని మీద చూపిన కోపం, ఆ మనిషి మీదే చూపిన కోపం. ప్రతిపాదన మీద కోపం చూపితే అవతలివాళ్లు తగ్గారు. మనిషి మీదికి వెళితే బెడిసికొట్టింది. "నాలుగోసారి కూడా ఫిల్టర్ కడిగి వెళ్తామంటే నేను ఒప్పుకోను" అన్నదీ, "మీకు బుద్ధి ఉందా" అన్నదీ రెండూ కోపమే. మొదటిది పనిని కదిలిస్తుంది, రెండోది మనిషిని బిగదీస్తుంది.

అందుకే మర్యాదగా అడగడమంటే మెత్తబడడం అనుకుంటే పొరపాటు. "ఏమీ అనుకోకండి, మీకు వీలైతే, కుదిరినప్పుడు కాస్త చూడండి" అన్న ఉత్తరం మర్యాదగానే ఉంటుంది. కానీ అందులో అడిగిందేమీ లేదు, గడువు లేదు, జవాబు ఇవ్వకపోయినా పోయేదేమీ లేదు. మర్యాద మనిషికి, పట్టు విషయానికి. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో ఇమడ్చడమే కష్టమైన పని.

మట్టిపలక మీద ఒక ఫిర్యాదు

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో అరచేతిలో ఇమిడేంత మట్టిపలక ఒకటుంది. క్రీ.పూ. 1750 ప్రాంతానిది. ఇప్పటి ఇరాక్‌లోని ఊర్ నగరంలో దొరికింది. నన్ని అనే కొనుగోలుదారు ఈయా-నాసిర్ అనే రాగి వ్యాపారికి అక్కాదియన్ భాషలో రాయించిన ఫిర్యాదు అది. మనకు తెలిసినంతలో కస్టమర్ ఫిర్యాదుల్లో ఇదే అతి పాతదని చెబుతారు.

దాన్ని ఈనాటి కళ్లతో చదివితే ఆశ్చర్యం వేస్తుంది, ఎంత పద్ధతిగా ఉందో. మేలురకం రాగి కడ్డీలు ఇస్తానని నువ్వు మాట ఇచ్చావు. నాణ్యత లేనివి నా మనిషి ముందు పెట్టి, కావాలంటే తీసుకో లేకపోతే వెళ్లు అన్నావు. శత్రువుల ప్రాంతం దాటుకుంటూ వచ్చిన నా మనుషుల్ని పదేపదే ఒట్టిచేతులతో పంపావు. నా డబ్బు పూర్తిగా తిరిగివ్వాలి. ఇకమీదట కడ్డీలు నా పెరట్లోనే ఒక్కొక్కటీ ఏరుకుంటాను, బాగాలేనివి తిరస్కరిస్తాను. పలక సారాంశం ఇది. ఇచ్చిన మాట, జరిగింది, దానివల్ల కలిగిన నష్టం, కావలసింది, ఇకముందు షరతు. అన్నీ ఉన్నాయి. కోపం కూడా దండిగానే ఉంది. కానీ ఆ కోపం వ్యాపారి చేసిన పనుల చుట్టూనే తిరుగుతుంది.

నన్నికి డబ్బు తిరిగొచ్చిందో లేదో పలక చెప్పదు. ఈయా-నాసిర్ ఇల్లుగా భావిస్తున్న చోట ఇలాంటి ఫిర్యాదులు మరికొన్ని కూడా దొరికాయి. దీన్నిబట్టి నాకు ఒక సంగతి తోస్తుంది: ఉత్తరం ఎంత బాగా రాసినా, వినాల్సిన అవసరం లేని వ్యాపారిని అదొక్కటే లొంగదీయలేదు. ఆ తర్వాత తట్టడానికి ఇంకో తలుపు ఉండాలి. ఆ తలుపుల గురించి కిందకి వస్తాను.

ఒకే సమస్య, రెండు ఉత్తరాలు

ఫోన్ పెట్టేశాక అదే రాత్రి నేను రాసిన మొదటి మెయిల్ ఇప్పటికీ డ్రాఫ్టుల్లో ఉంది. రెండు పేజీలు. మొదటి పేజీ మొత్తం మెషీన్ ఎంత ఆశపడి కొన్నానో, ఎవరు వద్దన్నా వినకుండా ఈ బ్రాండే ఎందుకు ఎంచుకున్నానో. రెండో పేజీలో "మోసం", "సిగ్గుచేటు", "కోర్టుకు లాగుతాను". మెషీన్‌లో ఉన్న లోపం ఏమిటన్నది రెండో పేజీ మధ్యలో ఒక వాక్యంగా ఉంది. కంప్లయింట్ నంబర్లు లేవు. ఏం కావాలో అస్సలు లేదు. పంపకుండా పడుకున్నాను. మర్నాడు రాసి పంపినది ఇది:

"విషయం: వాషింగ్ మెషీన్, ఒకే లోపానికి 3 సర్వీసులు, ఇంకా బాగవలేదు

నమస్తే. మా మెషీన్‌లో ఉతకడం అయ్యాక నీళ్లు బయటికి పోవడం లేదు. ఇదే లోపానికి మే 4, 11, 19 తేదీల్లో టెక్నీషియన్ వచ్చారు. మూడుసార్లూ ఫిల్టర్ శుభ్రం చేశారు. ప్రతిసారీ వారం లోపే సమస్య తిరిగొచ్చింది. ఆ మూడు కంప్లయింట్ నంబర్లూ కింద ఇచ్చాను. మూడూ పరిష్కారమైనట్టు మూసి ఉన్నాయి. మెషీన్ వారంటీలో ఉంది. బిల్లు, నీళ్లు నిలిచిపోయిన వీడియో జతచేశాను.

ఈ మూడింటినీ కలిపి ఒకే ఫిర్యాదుగా నమోదు చేయండి. ఫిల్టర్ కాక అసలు కారణం వెతకగల సీనియర్ టెక్నీషియన్‌ను పంపండి. అప్పటికీ బాగవకపోతే మెషీన్ మార్చి ఇవ్వాలని కోరుతున్నాను. జూన్ 2 లోపు మీ జవాబు కోసం చూస్తాను.

ఇంటికొచ్చిన టెక్నీషియన్ ప్రతిసారీ చెప్పిన టైముకే వచ్చారు, మర్యాదగా మాట్లాడారు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు."

చివరి రెండు వాక్యాలు మొహమాటానికి రాసినవి కావు. ఫిర్యాదు అందగానే కంపెనీ మొదట వెతికేది తప్పు ఎవరిదన్నది. ఆ నెపం కిందిస్థాయి మనిషి మీద పడితే అతన్ని మందలించి ఫైలు మూసేయడం తేలిక. లోపం పద్ధతిలో ఉందని, మనిషిలో లేదని చెప్పడం వల్ల ఆ తేలిక దారి మూసుకుపోతుంది. పైగా అది నిజం కూడా.

"మూడింటినీ కలిపి" అన్న వాక్యమే ఈ ఉత్తరానికి ప్రాణం. ఒకే లోపం మళ్లీ మళ్లీ వస్తోందని రికార్డులో కనిపించనంతవరకు వారంటీ షరతుల్లో వస్తువు మార్చడం గురించి ఏమున్నా అది మనకు అందదు. ఇక "అన్యాయం", "ఘోరం" లాంటి మాటలు లేకపోవడం వల్ల ఉత్తరం బలహీనపడిందా? నా దృష్టిలో లేదు. మే 4, 11, 19 అన్న మూడు తేదీల్ని వరుసగా చదివిన వాళ్లకు ఆ మాట వాళ్లంతట వాళ్లకే తడుతుంది.

ఎంత అడగాలన్న ప్రశ్న

వస్తువు బాగుచేయడం, మార్చివ్వడం, పూర్తి డబ్బు తిరిగివ్వడం, కొంత ధర తగ్గించడం, జరిగిన ఇబ్బందికి పరిహారం, క్షమాపణ. కంపెనీ ఇవ్వగలిగినవి దాదాపు ఇవే. వీటిలో ఏది న్యాయమన్నది నష్టాన్ని బట్టి మారుతుంది. ఇక్కడే రెండు ఆలోచనలు ఉన్నాయి.

హోటల్లో మూడు రాత్రులు ఉన్నారనుకుందాం. రెండో రాత్రి గదిలో ఏసీ పనిచేయలేదు, వేరే గది ఇవ్వలేదు. కొందరి సలహా మూడు రాత్రుల డబ్బూ అడగమని. ఎక్కువ అడిగితే కొంతైనా వస్తుందని వాళ్ల లెక్క. బేరంలో మొదట చెప్పిన అంకె చుట్టూనే మాటలు తిరుగుతాయన్నది నిజమే కాబట్టి ఈ లెక్కను పూర్తిగా తప్పనలేం. అయితే ఫిర్యాదుల విభాగంలో కూర్చున్నది బేరమాడే వ్యాపారి కాదు, హద్దులున్న ఉద్యోగి. ఒక రాత్రి అద్దె తిరిగివ్వడం ఆమె హద్దులో ఉండొచ్చు, వెంటనే తేలిపోతుంది. మూడు రాత్రులదీ ఇవ్వాలంటే మేనేజర్ సంతకం కావాలి, ఆయన "మిగతా రెండు రాత్రులు గది బాగానే ఉంది కదా" అని తిప్పికొడతాడు. నష్టానికి సరిపడా అడిగినప్పుడు కాదనడానికి కారణం దొరకదు. నేను ఈ రెండో పక్షమే. అయితే పరిహారం లెక్క తేల్చడం కష్టమైనచోట, ఉదాహరణకు పెళ్లి ఆల్బమ్ సగం ఫోటోలు పోయి వచ్చినప్పుడు, మొదటి పక్షం మాటకూ బలం ఉంటుంది. ఆ నష్టాన్ని ఏ అంకె పూడుస్తుంది?

ఇంకో మెలిక ఉంది. కంపెనీ కూపనో, తర్వాతి కొనుగోలులో తగ్గింపో ఇస్తానంటుంది. దానితోపాటు "దీనితో ఈ విషయం పూర్తిగా ముగిసినట్టే" అన్న వాక్యం ఉంటే, ఒప్పుకున్నాక అదే విషయం మీద మళ్లీ అడగడం కష్టమవుతుంది. ఆ కూపన్ మంచిదే కావొచ్చు. కానీ దాన్ని పుచ్చుకోవడమంటే ఏమిటో తెలిసి పుచ్చుకోవడం వేరు, తెలియక పుచ్చుకోవడం వేరు.

ఎవరిని అడగాలన్నది కూడా ఇందులో భాగమే. వారంటీ సాధారణంగా తయారీదారు తనంతట తాను ఇచ్చే హామీ. అమ్మిన వారికి చట్టప్రకారం ఉండే బాధ్యత దానికి వేరుగా ఉంటుంది. యూరోపియన్ యూనియన్ దేశాల్లో కొత్త వస్తువుల మీద అమ్మకందారుకు కనీసం 2 ఏళ్ల బాధ్యత ఉంటుంది, కంపెనీ వారంటీ అంతకంటే తక్కువ ఉన్నా సరే. ఇలాంటి చట్టమున్నచోట "మాకు సంబంధం లేదు, కంపెనీని అడగండి" అని షాపువాళ్లు అంటే అది చివరి మాట కాదు.

ఫోన్, చాట్, మెయిల్: ఏది దేనికి

ఫోన్‌లో పని తొందరగా అవుతుంది, కానీ రికార్డు వాళ్ల దగ్గర ఉంటుంది, మన దగ్గర ఉండదు. మెయిల్ నెమ్మది, కానీ నిలుస్తుంది. ఫోన్ మాట్లాడిన వెంటనే "ఇప్పుడు మనం అనుకున్నది ఇది" అని రెండు వాక్యాల మెయిల్ పంపేవాళ్లు రెండు లాభాలూ పొందుతారు.

చాట్‌బాట్ల సంగతి ఈ మధ్య కొత్త చిక్కు. బాట్ చెప్పిన మాటకు కంపెనీ కట్టుబడి ఉండాలా? కెనడాలో 2024 ఫిబ్రవరిలో ఇదే ప్రశ్న ట్రైబ్యునల్ ముందుకు వచ్చింది. కుటుంబంలో మరణం వల్ల ప్రయాణం చేయాల్సి వచ్చిన ఒక ప్రయాణికుడికి, టికెట్ కొన్నాక కూడా తగ్గింపు కోసం దరఖాస్తు చేసుకోవచ్చని ఎయిర్ కెనడా చాట్‌బాట్ చెప్పింది. అది తప్పు సమాచారం. తర్వాత కంపెనీ తగ్గింపు ఇవ్వనంది. చాట్‌బాట్ తన మాటలకు తానే బాధ్యురాలైన వేరే పక్షం అన్నట్టుగా వాదించింది. బ్రిటిష్ కొలంబియాలోని సివిల్ రిజల్యూషన్ ట్రైబ్యునల్ ఆ వాదన ఒప్పుకోలేదు. సైట్‌లో ఉన్నదంతా కంపెనీ బాధ్యతేనని తేల్చి, నష్టం కట్టమంది. ఆ ప్రయాణికుడి దగ్గర చాట్ స్క్రీన్‌షాట్ ఉంది. అది లేకపోతే ఈ కేసు ఎటు పోయేదో ఊహించుకోవచ్చు.

నలుగురిలో పెట్టడం

సోషల్ మీడియాలో పోస్టు పెట్టగానే గంటలో ఫోన్ వచ్చిందని చెప్పేవాళ్లు మనందరికీ తెలుసు. పెద్ద కంపెనీలు ఆ పేజీల మీద ప్రత్యేకంగా మనుషుల్ని పెడతాయి కాబట్టి అది నిజమే. ఇందులో న్యాయం ఉందా అంటే అభిప్రాయాలు వేరు. ఎక్కువమంది చూసే ఖాతా ఉన్నవాళ్ల పని ముందు జరిగితే, ఖాతానే లేనివాళ్లు ఇంకా వెనక్కి పోతారు. ఇంకోవైపు, మెయిల్‌కి జవాబే ఇవ్వని కంపెనీని కదిలించే దారి ఇదొక్కటే అయినప్పుడు దాన్ని తప్పుపట్టలేం.

నలుగురిలో పెట్టిన ఫిర్యాదు చిన్న వ్యాపారం మీద పడే బరువు వేరు, పెద్ద కంపెనీ మీద పడే బరువు వేరు. ఇద్దరు ముగ్గురు కలిసి నడుపుకునే షాపును ఒక్క రివ్యూ చాలాకాలం వెంటాడుతుంది. వాళ్లకు ముందు నేరుగా చెప్పి, సరిచేసుకునే అవకాశం ఇవ్వడం కనీస న్యాయమని నేను నమ్ముతాను. జరిగింది జరిగినట్టు రాయడం వేరు, "దొంగలు" అని రాయడం వేరు. రెండోది పరువునష్టం కిందికి వచ్చే ప్రమాదం ఉంది. "డబ్బు ఇవ్వకపోతే చెడ్డ రివ్యూ పెడతా" అన్నది బెదిరింపుగా మారుతుంది, అప్పటిదాకా మన వైపున్న న్యాయం కూడా పలచబడుతుంది.

ఇంకో ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. బహిరంగంగా ఫిర్యాదు పెట్టిన వాళ్ల కోసం మోసగాళ్లు కాచుకుని ఉంటారు. కంపెనీ లోగోతో, దాదాపు అదే పేరుతో ఒక ఖాతా వచ్చి "క్షమించండి, మీ నంబర్ పంపండి, రీఫండ్ చేస్తాం" అంటుంది. ఆ వెంటనే కార్డు వివరాలో, ఓటీపీయో అడుగుతుంది. వెతికితే దొరికే కస్టమర్ కేర్ నంబర్లలోనూ నకిలీవి ఉంటాయి. బిల్లు మీద ఉన్న నంబరే నమ్మదగింది. అప్పటికే విసిగిపోయి ఉన్న మనిషికి ఎవరో ఒకరు తియ్యగా మాట్లాడితే నమ్మాలనిపిస్తుంది. ఆ విసుగే వాళ్ల పెట్టుబడి.

కంపెనీ కాదన్నాక ఉండే తలుపులు

1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు జాన్ కెనడీ ఆ దేశ కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో వినియోగదారుడికి నాలుగు హక్కులు చెప్పారు: భద్రత, సమాచారం, ఎంచుకునే వీలు, తన మాట వినిపించుకునే హక్కు. మార్చి 15న ప్రపంచ వినియోగదారుల హక్కుల దినం జరుపుకోవడం అందుకే. ఐక్యరాజ్యసమితి 1985లో వినియోగదారుల రక్షణకు మార్గదర్శకాలు తెచ్చి, 2015లో సవరించింది. ఫిర్యాదుల్ని కంపెనీలు ఎలా చూడాలన్న దానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) తెచ్చిన ఐఎస్ఓ 10002 అనే ప్రమాణం కూడా 2004 నుంచి ఉంది. ఫిర్యాదు అందినట్టు వెంటనే తెలియజేయాలని, ఫిర్యాదు చేయడానికి డబ్బు తీసుకోకూడదని అందులో ఉంటుంది. అది మార్గదర్శకమే, చట్టం కాదు. కానీ ఈ ప్రమాణం పాటిస్తున్నామని చెప్పుకునే కంపెనీకి దాన్ని గుర్తుచేయడంలో తప్పేమీ లేదు.

బయటి తలుపుల్లో మొదటిది చార్జ్‌బ్యాక్. కార్డుతో చెల్లించినప్పుడు, వస్తువు రాకపోయినా, చెప్పినదానికి వేరేది వచ్చినా, కార్డిచ్చిన బ్యాంకును అడిగి ఆ చెల్లింపును వెనక్కి తిప్పించుకునే ఏర్పాటు. దీనికి గడువు ఉంటుంది, రుజువులు కావాలి, వ్యాపారికి ఎదురు చెప్పుకునే అవకాశమూ ఉంటుంది. అంబుడ్స్‌మన్, అంటే ఫిర్యాదుల్ని విని పరిష్కరించే స్వతంత్ర అధికారి, రెండోది. 1809లో స్వీడన్‌లో పార్లమెంటు తరఫున ప్రభుత్వ పనుల మీద కన్నేసి ఉంచే పదవిగా మొదలైన ఈ ఏర్పాటు, ఇప్పుడు చాలా దేశాల్లో బ్యాంకులు, బీమా వంటి రంగాల్లో కనిపిస్తుంది. ముందు కంపెనీకి రాసి, వాళ్లకు ఇచ్చిన గడువు దాటాకే ఇక్కడికి రావాలన్నది మామూలు షరతు. ఆ తర్వాత వినియోగదారుల కోర్టులు, చిన్న మొత్తాల వివాదాల ట్రైబ్యునళ్లు.

ఈ తలుపులన్నిటి దగ్గరా మొదట అడిగేది ఒకటే: కంపెనీకి ఎప్పుడు చెప్పారు, ఏం చెప్పారు, వాళ్లేమన్నారు? అప్పుడు చూపించాల్సింది మొదటి రోజు రాసిన ఆ ఉత్తరాన్నే. నా డ్రాఫ్టుల్లో మిగిలిపోయిన రెండు పేజీల మెయిల్‌ను ఏ జడ్జి ముందో ఊహించుకున్నప్పుడల్లా, ఆ రాత్రి పంపకుండా పడుకున్నందుకు ఊపిరి పీల్చుకుంటాను.

కంపెనీలు ఇదంతా ఎందుకు పట్టించుకోవాలన్న ప్రశ్న మిగిలింది. తప్పు జరిగి, దాన్ని చక్కగా సరిదిద్దితే, అసలు తప్పే జరగని కస్టమర్ కంటే ఈ కస్టమర్ ఎక్కువ తృప్తి పడతాడని ఒక సిద్ధాంతం 1990ల నుంచి ఉంది. అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నిటినీ కలిపి 2007లో చూసినప్పుడు, తృప్తి విషయంలో అది నిజమేనని తేలింది. మళ్లీ అక్కడే కొంటారా అన్న విషయంలో మాత్రం ఆ ప్రభావం కనిపించలేదు. నాకిది సహజంగానే అనిపిస్తుంది. సాయం చేసిన మనిషి మీద గౌరవం పెరుగుతుంది. ఆ బ్రాండ్ మీద అనుమానం మాత్రం మిగిలే ఉంటుంది.

నా మెయిల్‌కి మూడోరోజు జవాబొచ్చింది. నాలుగోసారి వచ్చిన టెక్నీషియన్ వేరే మనిషి, కాస్త వయసులో పెద్ద. ఫిల్టర్ జోలికి పోకుండా మెషీన్‌ను పక్కకు వాల్చి, నీళ్లు తోసే పంపు విప్పి, లోపలి రెక్కను నా అరచేతిలో పెట్టారు. సగం విరిగి ఉంది. "ఫిల్టర్ ఎన్నిసార్లు కడిగినా దీంతో నీళ్లు పోవండీ" అన్నారు. కొత్త పంపు బిగించాక కోడ్ అడిగారు. ఒక్క ఉతుకు పూర్తయ్యాక చెప్తానండీ అన్నాను. సరే అని వంటింటి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నారు. నలభై నిమిషాలు. నీళ్లన్నీ పోయి, డ్రమ్ ఖాళీగా తిరగడం ఇద్దరం చూశాక కోడ్ చెప్పాను.